జాబితాలో సెంటు సీసా ఉంది, డాక్టరు లేడు

ప్రశ్న: మాది విజయవాడ. మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు, 68 ఏళ్లు. వేసవి సెలవుల్లో లాబ్రడార్ పిల్లని తెస్తామని పిల్లలకి మాటిచ్చాం. ఏలూరులో ఒకాయనకి అడ్వాన్సు కూడా ఇచ్చాం. దానికిప్పుడు 40 రోజులు. వచ్చే ఆదివారం, అంటే మే రెండో వారంలో, తీసుకుపొమ్మంటున్నారు. సామాన్లు కొందామని పెట్ షాపుకి వెళ్తే 22 వస్తువులు రాసి 18,400 రూపాయలవుతుందన్నారు. బోను, పరుపు, డైపర్లు, పాలపొడి, కాల్షియం సిరప్, నమిలే తోలు ఎముకలు, సెంటు, వానకోటు... ఇంకా చాలా ఉన్నాయి. వీటిలో నిజంగా ఏవి కావాలి? అత్తయ్యగారేమో "కుక్కొస్తే నేను మా అమ్మాయి దగ్గరికి పోతా"నంటున్నారు. అపార్టుమెంటు సెక్రటరీగారు లిఫ్టులో ఎక్కించడానికి వీల్లేదని ఇప్పుడే చెప్పేశారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు పంపిన జాబితా రెండుసార్లు చదివానమ్మా. అందులో సెంటు సీసా ఉంది గానీ గుమ్మానికి అడ్డం పెట్టుకునే చెక్క లేదు. డైపర్లున్నాయి, డాక్టరు లేడు. షాపాయన్ని తప్పుపట్టను, ఆయన అమ్మేవే ఆయన రాశాడు. ఆయన కొట్లో దొరకనివి నేను చెబుతాను. అంతకంటే ముందు ఒక సంగతి: వచ్చే ఆదివారం పిల్లని తీసుకురాకండి.

నలభై రోజులంటే ఇంకా ఆరు వారాలు కూడా నిండలేదు. కుక్కపిల్లని తల్లి దగ్గర్నుంచి ఎనిమిది వారాలు నిండాకే తేవాలి. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు కూడా. చట్టం మాట అలా ఉంచండి. అయిదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ ఆడతాయి. గట్టిగా కొరికితే అవతలిది కెవ్వుమని ఆట మానేస్తుంది. ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో అప్పుడే వాటికి తెలిసేది. ఆ పాఠం అక్కడ నేర్చుకోకపోతే మీ అయిదేళ్ల బాబు చేతుల మీద నేర్చుకుంటుంది. "తల్లి పాలు మానేసిందండీ, ఇంకెందుకు ఉంచడం" అని ఆయన అంటాడు, అందరూ అనే మాటే అది. పాలు మానేస్తే పెంపకం అయిపోయినట్టు కాదు. మరో పదహారు రోజుల తిండి ఖర్చు మీరే ఇస్తామని చెప్పండి. అడ్వాన్సు ఇచ్చేశాం కదా అని మొహమాటపడొద్దు.

ఈ లోగా ఒకసారి ఏలూరు వెళ్లి రండి. తల్లిని చూపించమనండి. తల్లి బెదురుగా, లేదా మీదికొచ్చేలా ఉంటే పిల్ల గురించి మళ్లీ ఆలోచించుకోవచ్చు. టీకా వేయించామని చెబితే కార్డు చూడండి. మందు సీసా మీద ఉండే చిన్న స్టిక్కరు ఒలిచి కార్డులో అంటించి, డాక్టరు సంతకం, తేదీ వేస్తారు. స్టిక్కరు లేకుండా బాల్‌పెన్నుతో "వ్యాక్సిన్ డన్" అని రాసున్న కార్డుని నేను నమ్మను. నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు పట్టారో కూడా రాసి ఇమ్మనండి. మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి పట్టించాల్సి ఉంటుంది కాబట్టి ఆ తేదీలు మీకు కావాలి. వచ్చేటప్పుడు ఒక పాత తువ్వాలు ఇచ్చి, తల్లీ పిల్లలూ పడుకునే చోట వేసి ఉంచమనండి. పిల్లతోపాటు ఆ తువ్వాలు తెచ్చుకోవాలి, ఉతక్కుండా. 18,400 రూపాయల జాబితా మొత్తంలో దీనికి సాటి వచ్చే వస్తువు లేదు.

ఇక డాక్టరు, అంటే పశువుల డాక్టరు. పిల్ల ఇంటికొచ్చాక వెతుక్కోవడం కాదు, రాకముందే వెళ్లి మాట్లాడి రావాలి. రాత్రి తొమ్మిదికి వాంతులైతే ఫోన్ ఎత్తుతారా, ఆదివారం ఎవరుంటారు, అత్యవసరమైతే సెలైను పెట్టే వసతి ఎక్కడుంది, ఈ మూడూ కనుక్కుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, చాలా ఏళ్ల కిందట మా ఇంటికొచ్చిన మొదటి కుక్కపిల్ల తొమ్మిది రోజులే ఉంది. అందరికీ చూపించుకోవాలన్న సరదాతో వచ్చిన రెండో రోజే వీధిలో నడిపించాను. ఏడో రోజు అన్నం ముట్టలేదు. ఎనిమిదో రోజు వాంతులు, రక్తంతో విరేచనాలు. ఆ వాసన తెలిసినవాళ్లు గుమ్మంలోనే పోల్చుకుంటారు. పార్వో అంటారు దాన్ని. నాకప్పుడు ఆ పేరే తెలియదు. పొద్దున్న చూపిద్దాంలే అనుకున్నాను.

పార్వో వైరస్ మట్టిలో, గచ్చు మీద నెలల తరబడి బతుకుతుంది. చెప్పులకి అంటుకుని మూడో అంతస్తు కూడా ఎక్కి వస్తుంది. మామూలు ఫినాయిల్‌తో దాన్ని చంపగలమన్న నమ్మకం పెట్టుకోవద్దు. బట్టలకి వాడే బ్లీచ్ ద్రవం ఒక వంతుకి ముప్ఫై వంతులు నీళ్లు కలిపి, శుభ్రం చేసిన నేల మీద పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. పిల్ల రాకముందు ఒకసారి ఇల్లంతా అలా తుడిపించి, తర్వాత మంచినీళ్లతో తుడవండి. గుమ్మం బయటే చెప్పులు వదిలే అలవాటు మనకి ఎలాగూ ఉంది, దాన్ని ఈ మూడు నెలలూ ఇంకాస్త కచ్చితంగా పాటించండి. ఎనిమిది వారాలకి టీకా మొదలైతే మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ 16 వారాల దాకా పూర్తి చేస్తారు. షాపుల్లో "సెవెనిన్‌వన్", "నైనిన్‌వన్" (ఒకే సూదిలో చాలా జబ్బులకి టీకా) అనే మాటలు వినబడతాయి, ఏది వేయాలో డాక్టరు చూసుకుంటారు. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, మళ్లీ బూస్టరు. పదహారు వారాల నాటి చివరి డోసు పడి ఒకటి రెండు వారాలు గడిచేదాకా పిల్ల పాదం రోడ్డు మీద ఆనకూడదు.

అలాగని గదిలో బంధించొద్దు. పద్నాలుగు వారాల లోపు చూసినవాటికే కుక్క జీవితమంతా అలవాటుపడి ఉంటుంది. చేతుల్లో ఎత్తుకుని బాల్కనీలో నిలబడండి, ఆటో హారన్లు వినిపించండి, గొడుగు, హెల్మెట్, గడ్డం ఉన్న మనుషులు, పాలబ్బాయి, అందర్నీ చూపించండి. కుక్కర్ విజిలూ మిక్సీ చప్పుడూ ఎలాగూ మీ వంటింట్లోనే ఉన్నాయి. మొదటి రోజుల్లో మిక్సీ వేసేటప్పుడు ఒక ముద్ద తిండి నోట్లో పెడితే ఆ చప్పుడంటే దానికి పండగ.

ఇప్పుడు కొనాల్సినవి. రెండు స్టీలు గిన్నెలు, అడుగుభాగం వెడల్పుగా, బరువుగా ఉండేవి, స్టీలు సామాన్ల కొట్లో తీసుకోండి. ప్లాస్టిక్‌వి వద్దు, నమిలేస్తుంది. నీళ్లకి మట్టి మూకుడు ఇంకా మంచిది. తోసినా తిరగబడదు, మీ ఊరి ఎండలకి నీళ్లు చల్లగా ఉంటాయి. లాబ్రడార్ నీళ్ల గిన్నెలో మొహమే కాదు, ముందుకాళ్లు కూడా పెడుతుంది. కిందకి ఒక పాత గోనెపట్టా వేయండి.

పరుపు కొనకండి. పది వారాల లాబ్రడార్‌కి కొన్న పరుపు అయిదో నెలకి దాని తలకి దిండయినా అవదు, ఆ లోపే దాని దూది ఇల్లంతా ఎగురుతుంది. పాత నేతచీరలు ఇంట్లో ఉంటే నాలుగు మడతలు వేసి బొంత కుట్టించండి. అంచులు దారాలు వేలాడకుండా దగ్గరగా కుట్టాలి, ఊడిన దారం మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది. మీరు తెచ్చే రోజుకి రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండల్లో అది బొంత మానేసి ఫ్యాను కింద గచ్చు మీద కాళ్లు చాపి పడుకుంటుంది. పడుకోనివ్వండి.

ఆ గచ్చు గురించే ఇంకో మాట. మన ఫ్లాట్లన్నీ ఇప్పుడు నున్నటి టైల్సే. పిల్ల పరుగెత్తినప్పుడల్లా వెనక కాళ్లు చెరో వైపు జారిపోతుంటే చూసి నవ్వుకుంటాం. లాబ్రడార్ల తుంటి కీళ్ల జబ్బుకి మూలం వంశంలోనే ఉంటుంది గానీ, జారుడు నేలా అతి బరువూ దాన్ని పెంచుతాయి. అది ఎక్కువ తిరిగే దారిలో రబ్బరు చాపలు పరవండి. పరుపు డబ్బులు ఇక్కడ ఖర్చుపెట్టండి.

మెడకి బెల్టు, మెత్తటి నైలాన్‌ది, లోపల రెండు వేళ్లు పట్టేంత వదులుగా. వారం వారం చూసుకోండి, పెరిగే పిల్ల కదా, బిగుసుకుపోయినా గమనించం. మీ ఫోన్ నంబరు చెక్కించిన చిన్న బిళ్ల దానికి తగిలించండి. ఛాతీకి తొడిగే హార్నెస్ ఒకటి, అయిదారు అడుగుల నైలాన్ తాడు ఒకటి ఇప్పుడు చాలు. ఇనప గొలుసు, లాగితే బిగుసుకునే గొలుసు వద్దే వద్దు. మనవాళ్లు ముద్దుకి మెడలో మువ్వలు, గజ్జెలు కడతారు. మనకి వినడానికి బాగుంటుంది. కుక్క చెవి మన చెవి కాదు, పగలూ రాత్రీ మెడ కిందే ఆ మోత ఉంటే దానికి ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి.

బోను సంగతి అడిగారు. తలుపు తీసి ఉంచి, లోపల తిండి పెట్టి, దాని గూడులా అలవాటు చేస్తే మంచి వస్తువే. మీరిద్దరూ ఆఫీసులకెళ్లి ఎనిమిది గంటలు అందులో తాళం వేసి ఉంచే ఉద్దేశమైతే కొనొద్దు. నా ఓటు కంచెకే. ఒక గది మూలనో, వంటింటి పక్క వరండానో మడిచే కంచెతో వేరు చేస్తే అందులో ఒక చివర బొంత, ఇంకో చివర పాత పేపర్లు, మధ్యలో నీళ్లు. పూజగది, వంటింటి గుమ్మాలకి రెండున్నర అడుగుల చెక్క అడ్డం పెట్టించండి, వడ్రంగి గంటలో చేసిపెడతాడు. బాల్కనీ గ్రిల్లు కమ్మీల మధ్య మీ బాబు పిడికిలి దూరితే పిల్ల తల దూరుతుందన్నట్టే. పావురాలకి కట్టే వల చాలదు, కింద రెండడుగుల మేర గట్టి జాలీ కట్టించండి. మూడో అంతస్తు అన్నారు కాబట్టి ఈ పని ముందు చేయించండి.

ఇంక మీరు నేల మీద బోర్లా పడుకుని ఇల్లు ఒకసారి చూడాలి. నవ్వకండి. దాని ఎత్తునుంచి చూస్తే మీకు కనబడనివన్నీ కనబడతాయి. ఫోన్ ఛార్జరు తీగ, పాప హెయిర్ క్లిప్పులు, బాబు ఆటసామాను ముక్కలు, మంచం కింద బొద్దింకల సుద్దముక్కతో గీసిన గీత, ఎలకల మందు. బట్టల అరలో, బాత్‌రూమ్ సింకులో వేసే కలరా ఉండలు మింగితే విషం. హారతి కర్పూరం కూడా అంతే. కుండీల్లో గన్నేరు ఉంటే ఇంట్లోంచి పంపేయండి, దాని ఆకూ పువ్వూ కొమ్మా అన్నీ గుండెకి ముప్పే. లాన్ల పక్కన అందానికి పెట్టే సైకస్ మొక్క, పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, అదింకా ప్రమాదం, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కలబంద, మనీప్లాంట్ పైకి ఎక్కించండి. తులసికోటకి దానివల్ల ప్రమాదమే తప్ప తులసి వల్ల దానికేం కాదు.

ఇది మామిడికాయల కాలం. బంగినపల్లి తిని టెంక చెత్తబుట్టలో వేస్తాం. ఆ తీపి వాసనకి లాబ్రడార్ ఆగదు. మింగిన టెంక పేగులో అడ్డం పడితే ఆపరేషనే. అందుకని కాలితో తొక్కితే తెరుచుకునే మూత బుట్ట ఒకటి కొనండి. ఇది మీ షాపాయన జాబితాలో లేదు, నా జాబితాలో మొదటి అయిదింటిలో ఉంది.

తిండి. మొదటి వారం ఏలూరులో ఏది తిందో అదే పెట్టాలి. మూడు నాలుగు రోజులకి సరిపడా వాళ్ల దగ్గరే అడిగి తెచ్చుకోండి. మార్చాలనుకుంటే పాతదాంట్లో కొంచెం కొంచెంగా కొత్తది కలుపుతూ వారం రోజుల్లో మార్చండి. ఇల్లు మారిన బెంగ, ప్రయాణం, కొత్త తిండి మూడూ ఒకేరోజు మీద పడితే విరేచనాలు ఖాయం, అది పార్వోనేమో అని మీకు నిద్ర ఉండదు. ప్యాకెట్టు తిండి కొంటే "పెద్ద జాతి పిల్లలకి" అని రాసున్నది చూడండి. మొదట చిన్న ప్యాకెట్టే తీసుకోండి, పదిహేను కిలోల బస్తా మీద తగ్గింపు ఇస్తానంటే ఆశపడకండి. నాలుగు నెలల దాకా రోజుకి నాలుగుసార్లు, కొలిచి పెట్టాలి. లాబ్రడార్ ఎప్పుడూ ఆకలిగానే చూస్తుంది, అదే దాని మొహం.

కాల్షియం సిరప్‌ని జాబితాలోంచి ఎర్ర సిరాతో కొట్టేయండి. ఎముకలు గట్టిపడతాయని మన దగ్గర ప్రతి పిల్లకీ పట్టేస్తారు. పెద్ద జాతి పిల్లలు ఎక్కువైన కాల్షియాన్ని వద్దని ఆపుకోలేవు, పేగు దాన్ని పీల్చేసుకుంటూనే ఉంటుంది, ఎముకలు వంకర్లు పోతాయి. మంచి ప్యాకెట్టు తిండిలో కావలసినంత ఉంటుంది. ఇంటి వంట పెట్టదలిస్తే మాత్రం వేరే లెక్క. అన్నమూ చికెనూ మాత్రమే అయితే కాల్షియం చాలదు, అప్పుడెంత కలపాలో డాక్టరు బరువు చూసి చెప్పాలి. పాలపొడి అక్కర్లేదు. ఎనిమిది వారాల పిల్లకి పాలతో పని తీరిపోయింది, గేదెపాలు పోస్తే చాలావాటికి కడుపు కదులుతుంది. "మా ఊళ్లో కుక్కలు పెరుగన్నం తిని పదేళ్లు బతికాయి" అనేవాళ్లు మీ అపార్టుమెంట్లో కనీసం ముగ్గురుంటారు. ఆ కుక్కలు పెరుగన్నంతోపాటు ఊరంతా తిరిగి ఇంకా ఏమేం తిన్నాయో వాళ్లు చూడలేదు. చెంచాడు పెరుగు వల్ల నష్టం లేదు గానీ, పెరిగే పిల్లకి మాంసకృత్తులు కావాలి. ఉడికించిన గుడ్డు పెట్టొచ్చు.

పెట్టకూడనివి పిల్లలిద్దరికీ కంఠతా రావాలి: ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికించిన కోడి ఎముకలు, చక్కెర లేని చూయింగ్ గమ్. మన కూరల్లో ఉల్లి లేనిదేది, పాయసంలో కిస్‌మిస్ లేనిదేది? అందుకని సులువైన సూత్రం ఒకటే, మన కంచంలోది దాని నోట్లోకి పోకూడదు. మందుల పెట్టె పైన పెట్టండి. దానికి జ్వరమని పారాసెటమాల్, కుంటుతోందని నొప్పిబిళ్ల సొంతంగా వేయకండి. కుక్క ఒళ్లు మన కంటే వేడిగానే ఉంటుంది, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ దానికి మామూలే. ఒక డిజిటల్ థర్మామీటరు దానికని విడిగా కొనిపెట్టుకోండి.

తోలు ఎముకలు వద్దు, నానిన తోలు ముక్క గొంతులో ఇరుక్కుంటుంది. లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మ ఒకటి తీసుకోండి, మింగడానికి వీల్లేనంత పెద్దది. దానికి పాలపళ్లు 28. నాలుగో నెల దగ్గర్నుంచి ఊడి, ఏడో నెలకల్లా 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ దురదకి మంచం కోడు, సోఫా అంచు, పాప స్కూలు బూట్లు అన్నీ ఒకటే. బొమ్మలో కాస్త తిండి కూరి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే అరగంట తీరిక. పాత చెప్పు ఇచ్చి "ఇది నీది" అంటే మాత్రం పొరపాటు. పాత చెప్పుకీ మావారి కొత్త లెదరు చెప్పుకీ తేడా కుక్కకి తెలియదని మా ఇంట్లో ఒక పెళ్లి రోజు పొద్దున్న తెలిసింది.

డైపర్లు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఎక్కడైనా పోసుకోవచ్చు అని నేర్పడం తప్ప వాటి ప్రయోజనం లేదు. పాత పేపర్లు నెలకి సరిపడా పోగేయండి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకి మించి ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న పది నిమిషాలకి, ఆట ఆపగానే పేపరు మీదికి తీసుకెళ్లి నిలబడండి. పోయగానే మెచ్చుకుని ఒక ముక్క పెట్టండి. తప్పు చోట పోస్తే మూతి అందులో రాయడం, కొట్టడం లాంటివి చేస్తే, మీరు చూస్తుండగా పోయకూడదని మాత్రమే దానికి అర్థమవుతుంది, తర్వాత సోఫా వెనక వెతుక్కోవాలి. తుడవడానికి ఎంజైమ్ క్లీనరు అని దొరుకుతుంది, ఒక సీసా కొనండి. ఉత్త నీళ్లతో తుడిస్తే మన ముక్కుకి వాసన పోతుంది, దాని ముక్కుకి పోదు. మళ్లీ అక్కడికే వస్తుంది.

షాంపూ ఇప్పుడే వద్దు. ఇంటికొచ్చి కుదురుకున్నాక, డాక్టరు సరేనన్నాక, కుక్కల షాంపూతోనే స్నానం చేయించాలి. మనది పనికిరాదు. గోమార్ల గురించి మాత్రం మొదటి రోజునుంచే జాగ్రత్త. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, బెల్టు కింద రోజూ వేళ్లతో తడిమి చూడండి. అవి కుక్క మీద కంటే గోడ పగుళ్లలోనే ఎక్కువ ఉంటాయి. వాటివల్ల వచ్చే జ్వరాలు రక్తాన్ని తినేస్తాయి. మందు మాత్రం పిల్ల వయసు, బరువు చూసి డాక్టరు ఇచ్చిందే వాడాలి. పెద్ద కుక్కలకి పోసే మందు పిల్లకి పోసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. సెంటు, వానకోటు, బొచ్చు దువ్వెనల సెట్టు గురించి మాట్లాడుకోనక్కర్లేదు. ఒక రబ్బరు బ్రష్ చాలు.

తెచ్చే రోజు పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కకముందే ఇల్లు చేరాలి. కారెక్కే ముందు రెండు గంటలు తిండి పెట్టొద్దని చెప్పండి. అట్టపెట్టెలో పేపర్లు, ఆ తల్లి వాసన తువ్వాలు వేసి వెనక సీట్లో ఒకరు పట్టుకుని కూర్చోవాలి. ఆ రాత్రి ఏడుస్తుంది. హాల్లో ఒంటరిగా వదిలేసి "అలవాటవుతుందిలే" అనకండి. మీ మంచం పక్కనే పెట్టె పెట్టుకుని, ఏడ్చినప్పుడు చెయ్యి కిందకి జార్చండి. రెండు మూడు రాత్రులు అంతే. రోజుకి పద్దెనిమిది గంటలు నిద్రపోయే వయసది. మీ పిల్లలకి నియమాలు ముందే చెప్పండి: నిద్రలో లేపకూడదు, తింటుంటే ముట్టకూడదు, బాబు నేల మీద కూర్చునే ఒళ్లో పెట్టుకోవాలి, నిలబడి ఎత్తకూడదు. ఎవరికైనా కుక్కపిల్ల పన్ను గీసుకున్నా సబ్బుతో పంపు కింద పదిహేను నిమిషాలు కడిగి మన డాక్టరుకి, అంటే మనుషుల డాక్టరుకి, చూపించండి. మన ఇంటి పిల్లే కదా, ఇంకా పసిదే కదా అని వదిలేయకండి, రేబిస్‌కి ఆ లెక్కలు లేవు.

అత్తయ్యగారి దగ్గరికి వస్తాను. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపింది ఈ వాక్యమే. పిల్లల స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు. మీరిద్దరూ ఆఫీసులో. అంటే పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఆ పిల్లతో ఇంట్లో ఉండేది ఆవిడే. మాట పిల్లలకిచ్చారు, అడ్వాన్సు ఏలూరాయనకిచ్చారు, ఆవిణ్ని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. అభ్యంతరం మడి గురించే అని మీరనుకుంటున్నారేమో. ఒకసారి కూర్చుని అడగండి. ఆవిడకి 68 ఏళ్లు. కాళ్ల మధ్య తిరిగే పిల్ల తగిలి పడితే తుంటి విరుగుతుందన్న భయం కావచ్చు, ఆ భయంలో తప్పేమీ లేదు. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్లే దారిలో చిన్న లైటు, ఆవిడ గదికీ పూజగదికీ చెక్క అడ్డు, మధ్యాహ్నం పదకొండుకీ రెండుకీ వచ్చి పేపరు మార్చి తిండి పెట్టి పోయే మనిషి, ఇవన్నీ ఏర్పాటు చేసి ఆవిడకి చూపించి అప్పుడు అడగండి. మొదటి పది రోజులు మీ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టండి. ఇంత చేసినా ఆవిడ వద్దంటే, మధ్యాహ్నం మనిషి దొరక్కపోతే, అడ్వాన్సు పోయినా ఫర్వాలేదు, ఈ ఏడాదికి ఆగండి. పిల్లలు రెండు రోజులు అలుగుతారు. వద్దన్న మనిషి చేతిలో పెరిగే కుక్క పదేళ్లు పన్నెండేళ్లు ఉంటుంది.

సెక్రటరీగారి విషయం తేలిక. పెంపుడు జంతువుల్ని అపార్టుమెంట్లలో నిషేధించకూడదనీ, లిఫ్టు వాడనివ్వకపోవడం కూడా తగదనీ జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి, కానీ మొదటి రోజే ఆయన మొహం మీద పెట్టకండి. టీకాల కార్డు నకలు, మున్సిపల్ కార్పొరేషన్‌లో పెంపుడు కుక్కల నమోదు ఎలాగో కనుక్కుని ఆ కాగితం, ఎక్కడైనా మలం పడితే మేమే ఎత్తేస్తామని ఒక ఉత్తరం, మూడూ ఇచ్చి రండి. ఎలాగూ టీకాలన్నీ అయ్యేదాకా, అంటే ఆగస్టు దాకా, మీ పిల్ల నేల మీద కాలు పెట్టదు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా మీరు లిఫ్టెక్కేది తువ్వాలు చుట్టిన చిన్న మూటతోనే. ఆ మూటలోంచి ఒక మూతి బయటికి వచ్చి ఆయన చెయ్యి వాసన చూస్తే ఏమంటారో నాకు రాయండి.